ఆట ముగిసేవరకు ఆపుకొనడం

గత వేసవిలో, మే నెల చివరి వారంలో, మా మనుమడికి జబ్బు చేసింది. వాడు అప్పుడే పదవ తరగతి పూర్తి చేసి సెలవులలో ఉన్నాడు. పొత్తికడుపులో నొప్పి, మూత్రంలో మంట, సాయంకాలమయ్యేసరికి తలనొప్పి. ఎండలు మండిపోతున్న రోజులు కనుక ఇంట్లో అందరమూ ‘వేడి చేసింది’ అనే ఒక్క మాటతో తేల్చివేశాము. రాజమహేంద్రవరంలో రోహిణి కార్తె ఎండ ఎరిగినవారెవరైనా అదే అంటారు. నా అర్ధాంగి ధనియాలు నానవేసిన నీళ్ళు, బార్లీ జావ, పలుచని మజ్జిగ, సబ్జా గింజలు వరుసగా ఇచ్చింది. అవి మంచివే, చలువ చేసేవే. కాని మూడు రోజులైనా మంట తగ్గలేదు. నాలుగవనాడు చలిజ్వరం కూడా వచ్చింది. ఇక ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. ఇంటి వైద్యానికి ఒక హద్దు ఉన్నది. మూత్రపు మంటకు జ్వరం తోడైనప్పుడు ఆ హద్దు దాటినట్లే. ఆ మూడు రోజులు కూడా ఆగి ఉండవలసింది కాదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పరీక్ష చేయిస్తే మూత్రాశయంలో చీము పట్టినట్లు తేలింది. మందులు వ్రాసి ఇస్తూ ఆ వైద్యుడు, “రోజుకు ఎన్నిసార్లు మూత్రానికి వెళుతున్నావు బాబూ?” అని అడిగాడు. వాడు తల వంచుకున్నాడు. “పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్ళడమే చూస్తున్నానండీ” అని మా కోడలు చెప్పింది. “నీళ్ళు?” అన్నాడాయన. దానికీ సమాధానం లేదు.

అసలు సంగతి ఆ రాత్రి వాడు నాన్నమ్మతో చెప్పాడు. నాతో చెప్పలేదు. సెల్‌ఫోనులో ఒక ఆట ఉన్నదట. అది మొదలైన తరువాత మధ్యలో లేవడానికి వీలులేదట. లేచి వెళ్ళితే తనతో కలిసి ఆడుతున్న ముగ్గురు మిత్రులు ఓడిపోతారట. ఒక ఆట ముగియగానే మరొకటి మొదలవుతుంది. కనుక వాడు ఆపుకొనేవాడు. కొన్నాళ్ళకు ఆపుకోవలసిన అవసరమే రాకుండా ఒక ఉపాయం కనిపెట్టాడు: మంచినీళ్ళు త్రాగడం మానివేశాడు. మే నెలలో!

ఈ మాట వినగానే నేను ఏమి చేశానో చెప్పడానికి కొంత సిగ్గుగా ఉన్నది. ఫోను లాగుకొని బియ్యపు డబ్బాలో అడుగున దాచాను. ఈ తరం పిల్లల గురించి, ఈ యంత్రాల గురించి అరగంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. వాడు మారు మాట్లాడలేదు. తొమ్మిది రోజులపాటు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. భోజనాల దగ్గర తల ఎత్తేవాడు కాదు. నేను గెలిచాననే అనుకున్నాను. పదవ రోజు రాత్రి, ఒంటిగంట దాటిన తరువాత, నేను దాహమై లేచి చూస్తే వాడి దుప్పటిలోపల వెలుతురు కనిపించింది. తల్లి ఫోను తీసుకొని ఆడుతున్నాడు. నేను సాధించిన దేమిటయ్యా అంటే, పగటి ఆటను రాత్రికి మార్చాను. మూత్రానికి తోడు నిద్ర కూడా పోయింది.

మరునాడు గోదావరి గట్టు మీద ఉదయపు నడకలో మిత్రులకు ఈ సంగతి చెప్పాను. ఎవరికి తోచిన అభిప్రాయం వారు చెప్పారు. ఈ ఆటలన్నిటినీ నిషేధించాలని ఒకరు. ఆటల వలన పిల్లల బుద్ధి చురుకవుతుందని, తమ బంధువుల అబ్బాయి వీటి మీద డబ్బు కూడా సంపాదిస్తున్నాడని మరొకరు. చదరంగం నేర్పించండి, అన్నీ అవే పోతాయని ఇంకొకరు. చదరంగం మంచిదే. కోనేరు హంపి 2019లోను, మళ్ళీ 2024లోను ప్రపంచ ర్యాపిడ్ చదరంగ కిరీటం గెలుచుకున్నప్పుడు మేమందరమూ ఆ గట్టు మీదనే సంతోషించినవాళ్ళము. కాని అంతమందిలో ఒక్కరైనా, ఆడుతున్నంతసేపు పిల్లవాడి శరీరానికి ఏమి జరుగుతున్నదని అడగలేదు. అడగవలసినవాడిని నేను. నేనూ అడగలేదు.

ఇంటికి వచ్చి, బీరువాలో చాలాకాలంగా ముట్టుకోని చరక సంహిత తీశాను. సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం వేగాలను గురించినది. వేగమంటే శరీరం తనంతట తాను కలిగించే త్వర. మూత్రం, మలం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమ వలన కలిగే ఎగశ్వాస మొదలైన 13 వేగాలను చరకుడు అక్కడ పేర్కొని, బుద్ధిమంతుడు వీటిని ఆపరాదని చెప్పాడు. తరువాతి కాలపు వాగ్భటుడు మరింత దూరం వెళ్ళి, వేగాలను బలవంతంగా పుట్టించడం వలన, ఆపడం వలన సకల రోగాలూ కలుగుతాయన్నాడు. మూత్రాన్ని ఆపితే ఏమవుతుందో చరకుడు చెప్పిన వరస చదివి నేను కొంతసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మూత్రాశయంలో శూల, మూత్రం కష్టంగా రావడం, తలనొప్పి, గజ్జలలో బిగపట్టడం. ‘వేడి చేసింది’ అని మేము కొట్టివేసిన తలనొప్పితో సహా అన్నీ అందులో ఉన్నాయి.

సాయంకాలం మనుమడిని పిలిచి, ఆ జాబితా వినిపించి, ఆటలో నువ్వు వీటిలో ఏవేవి ఆపుకుంటావురా అని అడిగాను. పదిరోజుల తరువాత మొదటి మాట కనుక కోపం లేకుండా అడగడానికి చాలా ప్రయత్నించాను. వాడు మొదట అనుమానంగా చూశాడు. తరువాత వాడికే సరదా పుట్టింది. మూత్రం సరే. దప్పిక, సరే. ఆకలి? అమ్మ అన్నానికి పిలిస్తే ‘వస్తున్నా’ అంటూ గంటసేపు ఆపుతాడు. నిద్ర చెప్పనే అక్కరలేదు. ఆవులింత కూడా ఆపుతాడట! ఆవులిస్తే కళ్ళు మూతపడతాయి, ఆ క్షణంలో శత్రువు కాలుస్తాడు. తుమ్ము మాత్రం ఆపలేనన్నాడు. అందువలన రెండుసార్లు చచ్చిపోయాడట. ఇద్దరమూ నవ్వుకున్నాము. చరకుని జాబితాలో లేనిది ఒకటి నేను కలిపాను. మనం మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాము. తెర వైపు తదేకంగా చూస్తున్నప్పుడు అది సగానికి, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకు పడిపోతుంది. కంటి తడి ఆరిపోయి మంట, ఎరుపు కలుగుతాయి. అంటే రెప్పపాటును కూడా ఆపుకుంటున్నామన్నమాట.

ఆ అధ్యాయంలోనే మరికొంత ఉన్నది. ఆపకూడని వేగాలను చెప్పి ఊరుకోలేదు చరకుడు. ఆపి తీరవలసిన వేగాలను కూడా చెప్పాడు. లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య మొదలైన మనోవేగాలు, పరుషమైన మాట, పరులను హింసించే చేష్ట. ఈ భాగం నేను మనుమడికి చదివి వినిపించలేదు. బియ్యపు డబ్బా జ్ఞాపకం వచ్చింది.

అంతటితో ఆగక, ఆ ఆట ఏమిటో ఒకసారి చూడాలనుకున్నాను. పెద్దలు చాలామంది చేయని పని ఇది. చూడకుండానే అభిప్రాయం చెప్పడం మనకు అలవాటు. పక్కన కూర్చొని ఒక ఆట మొదటినుంచి చివరివరకు చూశాను. వందమంది విమానంలోనుంచి ఒక దీవి మీదకు గొడుగులతో దిగుతారు. ఆయుధాలు ఏరుకుంటారు. క్రమంగా దీవి కుంచించుకుపోతుంది. చివరికి మిగిలిన జట్టు గెలిచినట్లు. అరగంటకు కొంచెం అటూ ఇటూ పడుతుంది. దీనిని ఆపి ఉంచే వీలు లేదు. అవతల ఆడుతున్నవారు మనుషులు కదా! ముప్పై ఏళ్ళ క్రితం వీడి తండ్రికి తీర్థంలో ఇటుకల ఆట బొమ్మ కొనిపెట్టాను. దాని మూలం టెట్రిస్ అనే ఆట. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన తయారు చేశాడు. దానికి ఆపే మీట ఉండేది. “అన్నానికి రారా” అంటే మీట నొక్కి వచ్చేవాడు. అప్పుడు కూడా నేను తిట్టాననుకోండి. ఆ ఆటకు, ఈ ఆటకు తేడా తెలియక నేను ఇప్పుడు కూడా “తక్షణం లే” అని గద్దించాను. సగంలో లేవమనడం వాడి దృష్టిలో ముగ్గురు మిత్రులను నట్టేట విడిచి రమ్మనడమే.

ఆ ముగ్గురిలో ఒకడెవడో తెలిసినప్పుడు నా నోట మాట రాలేదు. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి కొడుకు. వీడికి మేనత్త కొడుకు, బావ. అక్కడ మధ్యాహ్నం రెండున్నర అయితే మనకు రాత్రి ఒంటిగంట. వాడికి బడి సెలవులు మొదలైనాయి, భోజనం చేసి ఆటకు కూర్చుంటాడు. వీడు చెవులలో తీగలు పెట్టుకొని దుప్పటిలో ఉంటాడు. ఆటతోపాటు కబుర్లు. మా అమ్మాయి మాకు ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. కుశల ప్రశ్నలు అయిన తరువాత ఏమి మాట్లాడాలో ఇద్దరికీ తోచదు. ఈ పిల్లలిద్దరూ మాత్రం సముద్రాల కటూ ఇటూ ఉండి రోజూ తెలుగులో మాట్లాడుకుంటున్నారు. అమెరికాలో పుట్టినవాడికి నాలుగు తెలుగు ముక్కలు నిలిచాయంటే ఈ ఆట పుణ్యమేనట. ఫోను దాచి నేను అడ్డం వేసింది నా ఇద్దరు మనుమల మధ్య.

అప్పుడు కుదిరిన ఒప్పందం ఇది. అర్ధరాత్రి ఆట లేదు. శనివారం, ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఇక్కడ మొదలుపెడితే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఇద్దరికీ మెలకువ వేళే. ఈ లెక్క కట్టింది పిల్లలే. మూడు ఆటలు, అంతే. సమయం నిమిషాలలో కాక ఆటలలో లెక్కించడం వలన సగం జగడం అక్కడే తీరిపోయింది. ఒక్కొక్క ఆటకు ముందు మూత్రానికి వెళ్ళి రావాలి, ఒక గ్లాసుడు నీళ్ళు త్రాగాలి, డాబా మీదకు వెళ్ళి దూరాన ఉన్న కొబ్బరిచెట్ల వైపు కొంతసేపు చూసి రావాలి. రాత్రి భోజనమైన తరువాత ఎవరి ఫోనూ ఎవరి చేతిలోనూ ఉండదు. ‘ఎవరిదీ’ అన్న మాట మా కోడలు పట్టుబట్టి పెట్టించింది. “మామయ్యగారూ, మీరు మాత్రం పదకొండింటి దాకా వాట్సాప్ సందేశాలు చదువుతూ వాడినంటే ఎట్లాగండీ?” అన్నది. నిజమే. అంతకంటె సిగ్గుచేటు సంగతి ఇంకొకటి. నాకు 71 ఏళ్ళు, మూత్రానికి తరచు లేవవలసిన వయస్సు. అయినా చివరి ఓవరులు ఆడుతున్నారంటే టీవీ ముందునుంచి కదలను. మనుమడు అది కనిపెట్టాడు.

నిద్ర విషయంలో మాత్రం కొన్నాళ్ళు కష్టపడ్డాము. తప్పిన నిద్ర తలచుకోగానే రాదు. రాత్రి జాగరణ శరీరాన్ని ఎండబెడుతుందని, వాతాన్ని పెంచుతుందని ఆయుర్వేదం. వీడికి మలబద్ధకం, చిరాకు, ఒళ్ళునొప్పులు అన్నీ ఉండేవి. మా ఇంటావిడ పడుకునే ముందు వాడి అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేసేది. అరికాళ్ళ మర్దన వలన కళ్ళకు తేట కలుగుతుందని చరకుడు చెప్పాడు. నిద్ర పట్టించే పదార్థాలలో గేదెపాలను శ్రేష్ఠమన్నదీ ఆయనే. మన ఇండ్లలో ఉండేవి ఎటుతిరిగీ గేదెపాలే కదా, వెచ్చగా ఒక గ్లాసు ఇచ్చేవాళ్ళము. రెండు వారాలకు పదింటికల్లా కన్ను మూతపడసాగింది. కళ్ళమంట కూడా తగ్గింది. దానికి మేము కంటిలో ఏమీ వేయలేదు. ఆముదమని, తేనె అని ఇంటి సరుకులు కంటిలో పోయడం ప్రమాదం. మంట, ఎరుపు తగ్గకపోతే కంటి వైద్యునికి చూపించాలి.

ఆట నిద్రను ఆపుతుందన్నది మన పెద్దలకు కొత్త సంగతి కాదు. శివరాత్రి జాగరణకు, ముక్కోటి ఏకాదశికి మా అమ్మగారు, ఇరుగుపొరుగు ఆడవారు వైకుంఠపాళి, పచ్చీసు పరుచుకొని కూర్చునేవారు. నిద్ర రాకుండా ఉండాలనే ఆడేవారు. ఆ మందును ఏటికి ఒకటి రెండు రాత్రులకు మించి వాడలేదు, అంతే తేడా. ప్రతి రాత్రీ శివరాత్రి చేసుకుంటున్నది మనమే.

ఇక్కడ రెండు ముక్కలు స్పష్టంగా చెప్పాలి. డబ్బు పెట్టి ఆడే ఆటలకు నేను పైన చెప్పిన మెత్తదనం ఏదీ వర్తించదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టం సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, అవి నైపుణ్యానివైనా అదృష్టానివైనా, నిషేధిస్తూ చట్టం చేసింది. ఇంట్లో అటువంటిది కనిపిస్తే, ఆడేది పిల్లవాడైనా అల్లుడైనా, మూడు ఆటల ఒప్పందం పనికిరాదు. రెండవది, ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో ఆటల వ్యసనం చేరిన మాట నిజమే. 2019లో ఆమోదించారు, 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. కాని దానికి వారు పెట్టిన కొలతలు గట్టివి. ఆటపై అదుపు తప్పడం, బ్రతుకులోని ఇతర పనులన్నిటికంటె ఆటే ముఖ్యమైపోవడం, హాని కనబడుతున్నా మానలేకపోవడం, ఇవి సాధారణంగా 12 నెలలపాటు కొనసాగడం. అటువంటి స్థితి ఉంటే మానసిక వైద్యుని సలహా తీసుకోవడానికి వెనుకాడనక్కరలేదు. మా వాడిది అది కాదు. వాడిది ఆపుకొనే జబ్బు.

ఈ వ్యాసం ఇక్కడితో ముగించాలనే కూర్చున్నాను. కాని ఆషాఢంలో వాడు ఇంటర్మీడియట్‌లో చేరాడు. ఊళ్ళోనే కళాశాల, ఉదయం ఏడున్నరకు వెళ్ళి సాయంకాలం ఆరున్నరకు వస్తాడు. మొదటి వారంలోనే గమనించాను. గుమ్మంలో అడుగుపెడుతూనే పుస్తకాల సంచి విసరివేసి, చెప్పులు కూడా విప్పకుండా మరుగుదొడ్డికి పరుగెత్తుతున్నాడు. తీసుకువెళ్ళిన నీళ్ళసీసా తీసుకువెళ్ళినట్లే తిరిగి వస్తున్నది. ఏమిరా అంటే, “పది నిమిషాలే బ్రేకు తాతయ్యా. అక్కడ పెద్ద వరస ఉంటుంది. లోపల వాసన. క్లాసు మధ్యలో అడిగితే సారు కోప్పడతారు. నీళ్ళు తాగకపోతే గొడవ లేదు” అన్నాడు. అదే ఉపాయం! ఆడపిల్లల సంగతి ఎట్లా ఉన్నదో అని మా కోడలు తన స్నేహితురాలిని అడిగింది. వాళ్ళ అమ్మాయి ఉదయం కాఫీ కూడా మానివేసిందట.

ఆట కోసం మూత్రం ఆపుకున్నాడని ఫోను బియ్యంలో పాతిపెట్టినవాడిని. చదువు కోసం ఆపుకుంటే నేను గాని, వాడి తండ్రి గాని ఏమైనా అన్నామా? ‘కష్టపడి చదువుతున్నాడు’ అని చుట్టాలకు చెప్పుకున్నాము. అర్ధరాత్రి వరకు తెర ముందు కూర్చున్నది లెక్కల కోసమైతే పాలు కలిపి ఇస్తాము. మూత్రాశయానికి బీజగణితమేదో తుపాకుల ఆట ఏదో తెలియదు. ఆటకైతే కనీసం అరగంటకు ఒక అంతమున్నది. ఈ చదువుకు పదకొండు గంటలు.

కళాశాల అధిపతికి ఒక ఉత్తరం వ్రాశాను. తరగతికి తరగతికి నడుమ విరామం పెంచమని, మరుగుదొడ్లు రోజుకు రెండుసార్లు కడిగించమని, అడిగిన పిల్లవాడిని కోప్పడకుండా పంపమని, మూడే కోరికలు. చివర చరకుని అధ్యాయం సంఖ్య కూడా వేశాను, పాతకాలపు అలవాటు. పది రోజులైంది, సమాధానం రాలేదు. మా అబ్బాయి, “ఎందుకు నాన్నగారూ, వాడి మీద కక్ష కడతారేమో” అంటున్నాడు. వచ్చే సోమవారం నేనే వెళ్ళి అడుగుదామనుకుంటున్నాను. మా కోడలు స్నేహితురాలు కూడా వస్తానన్నది.